పడబాక అబ్బయ్యా: పిల్లల్ని హాకీ గోలీలుగా తయారు చేయడంలో నా అనుభవం

ఫోన్లో ఐస్ హాకీ వీడియోలు చూసి గోలీ (గోల్‌కీపర్) అవుదామని వచ్చిన పిల్లల్ని మొదటి వారంలోనే పట్టేయొచ్చు. రెండు మోకాళ్ళ మీదా తోలు లేచిపోయి ఉంటుంది. బంతి వస్తోందనగానే దబ్బున మోకాళ్ళ మీద కూలబడి, కాళ్ళు రెండు పక్కలకీ రెక్కల్లా పరిచేస్తారు. ఆ ఆటలో దాన్ని బటర్‌ఫ్లై అంటారు. మంచు మీద అది పద్ధతైన పనే. మన నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల గ్రావెల్ గ్రౌండ్లలో అదే చేస్తే దెబ్బా తగులుతుంది, గోలూ పడుతుంది. అందుకే నేను మొట్టమొదట నేర్పేదీ, పొద్దున్నించీ గొంతు పోయేలా అరిచేదీ ఒకటే మాట: పడబాక.

ఎందుకో లెక్కేసి చూపిస్తే పిల్లల బుర్రకి తొందరగా ఎక్కుతుంది. ఐస్ హాకీ గోలు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మన హాకీ గోలు 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు పన్నెండడుగులకు ఏడడుగులు. అక్కడ 24 చదరపు అడుగులు కాస్తే చాలు, ఇక్కడ 84 కాయాలి. మూడున్నర రెట్లు. అక్కడి గోలీ కూర్చుంటే గోల్లో చాలా భాగం మూసుకుపోతుంది, పైగా మంచు మీద మోకాళ్ళతోనే పక్కకి జారిపోగలడు. మన పిల్లవాడు కూర్చుంటే ఇరుపక్కలా నాలుగేసి అడుగులు, నెత్తి మీద మూడడుగులు ఖాళీ. గ్రావెల్ మీద జారడం కుదరదు. ప్యాడ్లతో మళ్ళీ లేచి నిలబడేలోపు తగిలి తిరిగొచ్చిన రీబౌండ్ బంతి వలలో ఉంటుంది.

అలాగని ఆ వీడియోలు చూడొద్దని చెప్పను. షూటర్ ఎటు కదిలితే అటు ఛాతీ తిప్పుకోవడం, బంతిని కంటి కొసలతో కాకుండా తల తిప్పి చూడటం, ప్యాడ్‌కి తగిలి బయటికి పోయేదాకా చూపు వదలకపోవడం, ఇవి రెండు ఆటలకీ ఒకటే. నడుము పైభాగం చూసి నేర్చుకోండి, కింది భాగం వదిలెయ్యండి అంటాను.

పొడుగ్గా ఉన్నవాణ్ణో, పరిగెత్తలేని లావు పిల్లవాణ్ణో గోల్లో నిలబెట్టడం మన స్కూళ్ళలో పాత అలవాటు. రెండూ తప్పే. పది పదకొండేళ్ళ వయసులో నేను ఎవరినీ గోలీ అని ముద్ర వెయ్యను. అందరూ ఫీల్డులో ఆడాలి, వంతులవారీగా అందరూ గోల్లో నిలబడాలి. పన్నెండు దాటాక చిన్న పరీక్ష పెడతాను. హెల్మెట్ తగిలించి, ఐదు మీటర్ల దూరం నుంచి టెన్నిస్ బంతిని మొహం మీదకి పది సార్లు కింద చేత్తో విసురుతాను. ఎన్నిసార్లు తల పక్కకి తిప్పాడో లెక్క. కళ్ళు ఆర్పడం సహజం, దాన్ని లెక్కలోకి తీసుకోను. తల తిప్పడం కూడా రెండు వారాల్లో పోతుంది. నేను అసలు చూసేది ఇంకోటి ఉంది: గోలు పడ్డాక ఆ పిల్ల ఎటు చూస్తోంది? వెనక్కి తిరిగి బంతి ఎక్కణ్ణుంచి దూరిందో చూసే పిల్ల కావాలి నాకు. నా మొహం వంక చూసే పిల్లకి ఇంకా టైం పడుతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులు దెబ్బలని వెనకాడితే, చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళి ఇండియా గోల్లో నిలబడిన ఎతిమరపు రజని పేరు చెప్తాను. సగం మంది అక్కడే మెత్తబడతారు.

కిట్టు విషయంలో మాత్రం రాజీ లేదు. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు క్రికెట్ ప్యాడ్లు కట్టి గోల్లోకి తొయ్యడం. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు, క్రికెట్ బంతి కూడా ఇంచుమించు అంతే. అదే కదా, సరిపోతుందిలే అనుకుంటారు. క్రికెట్ ప్యాడ్ నిలువు కాలి ముందు భాగాన్ని కాచేందుకు చేసింది. పాదం చాలావరకు బయటే ఉంటుంది. హాకీలో గోలీ బంతిని ఆపేదీ, తన్నేదీ పాదంతోనే. బూటు మీద కిక్కర్ (పాదాన్ని కాచే మందపాటి తొడుగు) లేకపోతే మొదటి గట్టి హిట్టుకే బొటనవేలు పోతుంది. క్రికెట్ హెల్మెట్‌తో గొంతు ఖాళీగా ఉంటుంది. హెల్మెట్, లెగ్ గార్డ్లు, కిక్కర్లు, ఈ మూడూ రూలు ప్రకారం ఉండి తీరాలి. వాటితో పాటు గొంతు గార్డు, ఛాతీ గార్డు, మోచేతి గార్డులు, పొత్తికడుపు కింద కాచే అబ్డామిన్ గార్డు, తొడలకి మందపాటి నిక్కరు, రెండు చేతులకీ వేర్వేరు గ్లవ్స్. వీటిలో ఏది తక్కువైనా ఆ రోజు ఆ పిల్లవాడికి టెన్నిస్ బంతే, అసలు బంతి ముట్టనివ్వను.

తొడుక్కునే వరస కూడా నేర్పాలి. అబ్డామిన్ గార్డు, నిక్కరు, కిక్కర్లు, ఆ తర్వాత లెగ్ గార్డులు. ప్యాడ్ కింది కొస కిక్కర్ మీద సర్దుకుని కూర్చోవాలి కాబట్టి కిక్కర్ ముందు. ఆపైన ఛాతీ, మోచేతులు, జెర్సీ, గొంతు గార్డు, హెల్మెట్, చివర గ్లవ్స్. గ్లవ్స్ ముందు వేసుకున్నవాడికి ఇంకొకరు బకిల్స్ పెట్టాల్సొస్తుంది, మొదట్లో అందరూ చేసే పనే అది. బకిల్స్ కాలి బయటి వైపు ఉండాలి. లోపలి వైపు ఉంటే రెండు కాళ్ళవీ ఒకదానికొకటి తగులుకుని పిల్లవాడు ముందుకి బోర్లా పడతాడు. కింది పట్టీ బిగుతుగా, మోకాలి పైది వదులుగా కట్టాలి, లేకపోతే మోకాలు వంగదు. పట్టీల కొసలు వేలాడకుండా లోపలికి దోపాలి, జెర్సీ కూడా అంతే. డి (గోలు ముందు గీసే అర్ధచంద్రాకారపు గీత) లోపల బంతి గోలీ బట్టల్లోనో ప్యాడ్లోనో ఇరుక్కుంటే అవతలి వాళ్ళకి పెనాల్టీ కార్నర్, అంటే ఎండ్ లైను నుంచి నెట్టిన బంతిని అందుకుని గోలుకి కొట్టే అవకాశం. ఊరికే ఇచ్చుకున్నట్టు.

సైజు దగ్గర ఇంకో చిక్కు. సీనియర్ల ప్యాడ్లు పిల్లలకి కట్టేస్తారు. ప్యాడ్‌కి మోకాలి దగ్గర ఒక మడత ఉంటుంది, అది సరిగ్గా మోకాలి చిప్ప మీదే పడాలి. గొంతుక్కూర్చోమంటాను. ప్యాడ్ పై అంచు గజ్జల్లో పొడుచుకుంటే అది పెద్దది. అలాంటి ప్యాడ్లతో పిల్లవాడు కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడుస్తాడు, బంతి నేరుగా కాళ్ళ మధ్య నుంచి పోతుంది. కోచ్ ఏమో "కాళ్ళు దగ్గర పెట్టరా" అని తిడుతుంటాడు. తప్పు వాడిది కాదు, ప్యాడ్‌ది. కిక్కర్ కొంచెం పెద్దదైతే రెండు జతల సాక్స్‌తో సరిపెట్టొచ్చు, ప్యాడ్‌కి మాత్రం ఆ వీలు లేదు. కిక్కర్ పట్టీ బూటు అడుగు నుంచి పోతుంది. గ్రావెల్ మీద అది వారాల్లోనే అరిగి తెగుతుంది. కొత్తగా ఉన్నప్పుడే దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. అయినా సంచిలో రెండు అదనపు పట్టీలు లేకుండా నేను గ్రౌండుకి పోను.

గోలు లేని ఊళ్ళు చాలా ఉన్నాయి. తీరం పొడుగునా సరుగుడు తోటలకి కొదవ లేదు, మూడు కర్రలతో గోలు నిలబెట్టొచ్చు. కొలత మాత్రం రెండు కర్రల లోపలి అంచు నుంచి లోపలి అంచుకి 3.66 మీటర్లు ఉండాలి. జాలర్ల పల్లెపాలెంలో అడిగితే పాత వల ఇస్తారు. బంతి వ్యాసం ఏడు సెంటీమీటర్ల పైచిలుకు, కాబట్టి వల కన్ను 4.5 సెంటీమీటర్లకి మించకూడదు. మించితే రెండు మడతలు వెయ్యాలి. బిగించి కట్టొద్దు, వదులుగా వేలాడాలి, లేకపోతే బంతి తిరిగొచ్చి గోలీ వీపుకి తగులుతుంది. వెనక అడుగున్నర ఎత్తు, కచ్చితంగా చెప్పాలంటే 460 మిల్లీమీటర్ల చెక్క తప్పకుండా పెట్టండి. ఆ ఎత్తు ఎంతో కళ్ళకి అలవాటు కావడం పెనాల్టీ కార్నర్ దగ్గర పనికొస్తుంది. ఒక టోర్నమెంటుకి వెళ్తే గోలు వెనక బోర్డే లేదు, బంతి లోపలికి పోయిందా పక్కవల నుంచి దూరిందా అని పావుగంట పంచాయితీ.

నిలబడే తీరు చెప్పడానికి తేలిక, పట్టుబడటానికి నెల. పాదాలు భుజాలంత ఎడం, బరువు పాదం ముందు భాగం మీద, మడమ కింద ఒక అట్టముక్క దూరేంత సందు. మోకాళ్ళు వంగాలి, ముక్కు కాలివేళ్ళకి నిటారుగా పైన ఉండాలి. కుడి చేతిలో స్టిక్, ఎడమ అరచెయ్యి బంతి వైపు చూస్తూ. రెండు చేతులూ నడుము కంటే కాస్త పైన, తల దించకుండానే తన రెండు గ్లవ్స్ తనకి కనపడేంత ముందుకి. ఎక్కువమంది చేతులు వెనక్కి లాక్కుంటారు, పైకొచ్చిన బంతికి అప్పుడు చెయ్యి తెచ్చేసరికి ఆలస్యం. అలసిపోగానే మొదట మారేది మడమ. మడమ నేల మీద ఆనిందంటే ఇక ఆ పిల్లవాడు బంతి కోసం కదలడు, పడతాడు. పడటం అనే జబ్బు మడమ దగ్గరే మొదలవుతుంది. అందుకే వాడి మొహం కంటే బూట్ల వంకే ఎక్కువ చూస్తుంటాను.

అసలు విద్యంతా ఎక్కడ నిలబడాలన్న దాంట్లో ఉంది. ఇది మాటలతో చెప్తే ఎవరికీ అర్థం కాదు, తాడు కావాలి. పదహారు మీటర్ల నైలాన్ తాళ్ళు రెండు తీసుకుని, గోలు స్తంభాలకి ఒక్కోటి అడుగున కట్టి, రెండు కొసలూ తెచ్చి బంతి దగ్గర కలుపుతాను. డి నడిమధ్య పైన, అంటే గోలుకి 14.63 మీటర్ల దూరంలో బంతి పెడతాం. బంతి దగ్గర మొదలై గోలు దాకా వెడల్పయ్యే ఒక చీలిక ఏర్పడుతుంది. ఆ చీలికలోనే బంతి రాగలదు. పిల్లవాణ్ణి గోల్ లైను మీద నిలబెట్టి రెండు పక్కలా చేతులు చాపమంటే తాళ్ళు ఎక్కడో దూరంగా ఉంటాయి, అక్కడ చీలిక 3.66 మీటర్లు. మూడు మీటర్లు ముందుకి రమ్మంటే అది 2.91 మీటర్లకి దిగుతుంది. ఐదు మీటర్లొస్తే 2.41. "సార్, తాడు దగ్గరికొచ్చేసింది!" అని వాడే అంటాడు. ఆ మాట వాడి నోటి నుంచి రావాలనే ఈ తాళ్ళ గొడవంతా.

అయితే ముందుకి రావడం వల్ల నష్టం కూడా ఉంది, అది అదే రోజు చూపించాలి, లేకపోతే ప్రతి బంతికీ పరిగెత్తుకొస్తారు. ఒకటి, టైం తగ్గుతుంది. గంటకి వంద కిలోమీటర్ల హిట్టు 14.63 మీటర్లు రావడానికి అర సెకను పైచిలుకు పడుతుంది. మూడు మీటర్లు ముందుకొస్తే ఇంచుమించు నాలుగు పదో వంతుల సెకనే మిగులుతుంది. పదమూడేళ్ళ పిల్లల హిట్టు అంత వేగం ఉండదు కాబట్టి వాళ్ళ వయసులో ముందుకి రావడమే లాభం. రెండు, పక్కన ఇంకో ఫార్వర్డ్ ఉంటే పాస్ వెళ్ళిపోతుంది, వెనక గోలంతా ఖాళీ. కాబట్టి షూటర్ ఒంటరైతే నాలుగైదు మీటర్లు, పక్కన తోడు ఉంటే రెండు మీటర్లు, ఇదీ మా గుర్తు. ఎడమ స్తంభం నుంచి బయల్దేరి మధ్యలో రెండున్నర మీటర్లు ముందుకొచ్చి కుడి స్తంభానికి చేరే వంపుని సున్నంతో గీస్తాను. బంతి అటూ ఇటూ కదులుతుంటే పిల్లవాడు ఆ గీత మీదే చిన్న చిన్న అడుగులతో పక్కకి కదలాలి, కాళ్ళు పెనవేసుకోకూడదు. బంతి ఎండ్ లైను దగ్గరికి పోతే స్తంభాన్ని కాలి ప్యాడ్‌తో అంటిపెట్టుకోవాలి, మధ్యలో బంతి దూరే సందు ఉండకూడదు.

ఈ పాఠం పట్టుబడిందో లేదో తెలుసుకోవడానికి గ్రావెల్ గ్రౌండుకి మించింది లేదు. ప్రాక్టీసు ముందు గోలు ముందంతా చీపురుతో ఊడ్పిస్తాను. అరగంట తర్వాత కీపర్‌ని పక్కకి పిలిచి, ఇద్దరం వంగి అడుగులు చూస్తాం. గోల్ లైను మీద రెండే రెండు గుంటలు, మడమల దగ్గర లోతుగా ఉన్నాయంటే ఆ పిల్ల పాతుకుపోయింది. వంపు పొడుగునా చిన్న చిన్న గీరలు, ముందు భాగాలే లోతుగా ఉంటే పాఠం ఎక్కినట్టు. మధ్యలో పొడుగాటి ఒరుసుకుపోయిన గీత కనపడితే అక్కడ కాళ్ళు పెనవేసుకుంది, లేదా జారింది. టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద ఈ సదుపాయం ఉండదు, దానికి వీడియో తియ్యాలి.

తన్నడం. ఇక్కడ టర్ఫ్ పుస్తకాలు చెప్పేది మన గ్రౌండుకి నేరుగా పనికిరాదు. టర్ఫ్ మీద బంతి నేలని అంటుకుని వస్తుంది కాబట్టి వచ్చిన బంతిని వచ్చినట్టే పాదం లోపలి భాగంతో ఒక్క దెబ్బలో పక్కకి తరమొచ్చు. గ్రావెల్ మీద చివరి అడుగులో ఏ రాయికి తగిలి ఎటు లేస్తుందో తెలియదు. అందుకని మొదట రెండు ప్యాడ్లూ దగ్గరికి చేర్చి, మోకాళ్ళు కొంచెం ముందుకి వంచి ఆపాలి. మోకాలు ముందుకి వంగితే ప్యాడ్ కింద వైపుకి చూస్తుంది, బంతి కాళ్ళ దగ్గరే చచ్చినట్టు పడిపోతుంది. నిటారుగా నిలబడితే రెండు మీటర్లు ముందుకి దూకుతుంది, అదే అవతలి వాళ్ళకి రీబౌండ్. ఆపాక రెండో అడుగులో తన్నాలి. పాదం బయటికి తిప్పి, వేళ్ళు పైకెత్తి, లోపలి వైపుతో. ఆనిన కాలు బంతి పక్కనే ఉండాలి, తల బంతి మీద. తల వెనక్కి పోతే బంతి గాల్లోకి లేస్తుంది, ఎవరికైనా తగిలితే డేంజర్ బాల్ అని విజిల్ పడుతుంది.

ఎటు తన్నాలన్నది ఇంకా ముఖ్యం. ఎప్పుడూ సైడ్ లైను వైపే, మధ్యకి ఎప్పుడూ కాదు. డి అంచున రెండు పక్కలా రెండేసి ఇటుకలు మూడు మీటర్ల ఎడంలో పెట్టి, ఆ సందులోంచి పోవాలంటాను. పదేసి బంతుల చొప్పున ఆరు విడతలు, విడతకీ విడతకీ మధ్య రెండు నిమిషాలు. పన్నెండు పదమూడేళ్ళ వాళ్ళకి రోజుకి అరవై తన్నులు చాలు. ఎక్కువైతే గజ్జల్లో పట్టేస్తుంది, అది పది రోజులకి గానీ వదలదు. ఎడమ కాలు అందరికీ బలహీనమే కాబట్టి ఆరు విడతల్లో నాలుగు దానికే ఇస్తాను. డి గీత దాటి బయటికొచ్చాక కాలు వాడకూడదు, స్టిక్ ఒక్కటే. ఈ రూలు నోటికి వచ్చినా కాలికి రాదు. ఆ గీత దగ్గర ఎంతోమంది మర్చిపోయి తన్నేస్తారు.

పైకి వచ్చే బంతికి ఎడమ అరచెయ్యి తలుపులా అడ్డం పెట్టాలి, అంతే. కొట్టకూడదు, పట్టుకోకూడదు. తగిలి కాళ్ళ దగ్గర పడాలి, అక్కణ్ణుంచి తన్నాలి. క్రికెట్ ఆడే పిల్లలు క్యాచ్ పట్టబోతారు, ఆ అలవాటు మాన్పించడానికి రెండు వారాలు. కుడి వైపు పైకొచ్చే దానికి స్టిక్ పట్టిన చెయ్యే ఎత్తాలి. ఎడమ చెయ్యి మొహం ముందు నుంచి అటు తెచ్చారో, తమ చెయ్యే తమ కంటికి అడ్డం.

ఇన్ని రోజులూ పడబాక అన్నవాణ్ణి, పడటం నేర్పేది మూడో నెలలో. నిలబడి అందుకోలేని బంతి అని తెలిశాక మాత్రమే పడాలి, పడితే మళ్ళీ లేచే దారి తెలిసి పడాలి. మన జిల్లాల్లో వరిగడ్డికి లోటేముంది? అడుగు మందాన పరిచి, పైన టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెడితే పరుపు తయారు. మోకాలి పక్క భాగం, తొడ, తుంటి, పక్కటెముకలు, ఈ వరసలో నేలకి తగలాలి. మోచెయ్యి మొదట ఆనితే భుజం కదిలిపోతుంది. దూకడం పక్కకి కాదు, కొంచెం ముందుకి, బంతి వచ్చే దారికి అడ్డంగా. పక్కకి సూటిగా దూకేవాళ్ళు బంతి కంటే ఒక చెయ్యి వెనక పడతారు. పడ్డాక బంతి మీద పడుకుని ఉండకూడదు, అది ఫౌల్. చేత్తో పక్కకి నెట్టి లేవాలి. గడ్డి మీద పది సార్లు, నేల మీద మూడు సార్లు, ఆ రోజుకి అంతే.

పెనాల్టీ కార్నర్ గురించి చెప్పాలంటే అదే ఒక పెద్ద పాఠం. పిల్లల స్థాయిలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: అవతలి జట్టు హిట్ చేస్తుందా, ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి విసరడం) చేస్తుందా. మొదటి షాటు హిట్ అయితే గోల్ లైను దాటేటప్పుడు 460 మిల్లీమీటర్లకి మించి లేవకూడదు, అంటే వెనక చెక్క ఎత్తు. ఫ్లిక్‌కి ఆ కట్టడి లేదు, పై మూలకి కూడా రావచ్చు. హిట్ చేసే జట్టుకి పాతకాలం గోలీలు ఒక పక్కగా నేల మీద పొడుగ్గా పడుకుని అడ్డుగోడ కట్టేవాళ్ళు. డ్రాగ్ ఫ్లిక్ వచ్చాక అలా పడుకున్నవాడి పై నుంచి గోలు పోతోంది. మా పిల్లల్ని నేను పడుకోనివ్వను. బంతి కార్నర్ నెట్టేవాడి (ఇంజెక్టర్) స్టిక్ వదలగానే రెండు మూడు మీటర్లు ముందుకొచ్చి, షూటర్ స్టిక్ వెనక్కి లాగేసరికి కదలకుండా ఆగి ఉండాలి. కదులుతూ షాటు ఎదుర్కోవడమే చాలాసార్లు గోలుకి కారణం. పధ్నాలుగేళ్ళ లోపు వాళ్ళకి ప్రాక్టీసులో పెద్దవాళ్ళ డ్రాగ్ ఫ్లిక్ ఎదుర్కోనివ్వను. 2021 ఆగస్టు 5న టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ మీద చివరి సెకన్లలో వచ్చిన కార్నర్‌ని ఇండియా గోలీ శ్రీజేష్ ఆపిన తీరు చూపిస్తాను, ఆ తర్వాత ఎలా గెంతాడో చూడక్కర్లేదు, షాటుకి ముందు పాదాలు ఎలా ఆగాయో చూడమంటాను.

మ్యాచ్ సమమైతే ఒక్కొక్కరుగా వచ్చి గోలీతో తేల్చుకునే షూటౌట్‌లో ఎనిమిది సెకన్లు. ఆడేవాడు 23 మీటర్ల గీత నుంచి బయల్దేరతాడు, గోలీ లైను మీద నుంచి. విజిల్ పడగానే జోరుగా ముందుకి, మూడు నాలుగు మీటర్ల దూరం మిగిలాక అడుగులు చిన్నవి చేసుకుని, ఇక వెనక్కి వెనక్కి తగ్గుతూ వాణ్ణి పక్కకి, వాడి ఎడమకి, స్టిక్ తిరగేసి ఆడాల్సిన రివర్స్ స్టిక్ వైపుకి నెట్టాలి. మొదటి బూటకానికి పడిపోయినవాడి పని అయిపోయినట్టే. ప్రాక్టీసులో గోలీ చేతి నుంచి స్టిక్ తీసేసి, చేతులు వెనక కట్టుకోమంటాను. కాళ్ళతోనే ఎనిమిది సెకన్లు నిలబడాలి. మిగతా పిల్లలు గీత పక్కన కూర్చుని గట్టిగా ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడతారు. ఐదు దాటాక కంగారు ఆడేవాడికే గానీ గోలీకి కాదని నాలుగు రోజులకి తెలిసొస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో బ్రిటన్ మీద ఇండియా 4-2తో గెలిచిన షూటౌట్ ఫోన్లో అందరి దగ్గరా ఉంది, గోలీ కాళ్ళ మీద ఎంతసేపు ఉన్నాడో సెకన్లు లెక్కెయ్యమంటాను.

అరవడం కూడా నేర్పాల్సిన విద్యే. మాట రెండక్షరాలో మూడక్షరాలో ఉండాలి: నాది, వదులు, బయటికి, ఆగు. మేం మొదట్లో గేటు వైపు, చెట్టు వైపు అని అలవాటు చేశాం, ఇంటి గ్రౌండులో బ్రహ్మాండంగా నడిచింది. పక్క జిల్లాకి వెళ్తే అక్కడ గేటు ఇంకో మూల ఉంది. డిఫెండర్లు అందరూ ఒక్కసారిగా తప్పు వైపు పరిగెత్తారు. అప్పటి నుంచి కుడి, ఎడమ మాత్రమే. అది గోలీ కుడి, గోలీ ఎడమ. డిఫెండర్ గోలు వైపు తిరిగి పరిగెత్తుకొస్తుంటే వాడికి తిరగబడుతుంది కాబట్టి, వాళ్ళకి కూడా ఇది వల్లె వేయించాలి.

ఎండాకాలం గోలీకి వేరే టైం టేబుల్. కిట్టు మొత్తం ఏడెనిమిది కిలోలకి తగ్గదు, లోపలికి గాలి పోదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకి ఆపేస్తాం. పూర్తి కిట్టుతో ఇరవై నిమిషాలకి మించి ఉంచను, మధ్యలో రెండుసార్లు హెల్మెట్ తీయిస్తాను. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, ఇది గోలు స్తంభం పక్కనే ఉండాలి, గట్టున కాదు. పిల్లలు మజ్జిగ తెచ్చుకుంటే ఇంకా మంచిది. చెమట ఆగిపోయినా, ఒళ్ళు గగుర్పొడిచినా, తల తిరుగుతోందన్నా, ఆ క్షణమే కిట్టు విప్పించి నీడలో పడుకోబెట్టి ఒంటి మీద నీళ్ళు పొయ్యాలి. "ఇంకొక్క ఓవర్ సార్" అన్నట్టు బతిమాలతారు. వినకూడదు.

మా పిల్లలు టర్ఫ్ మీద కాలు పెట్టేది పోటీలకి వెళ్ళినప్పుడే. అక్కడ నీళ్ళు కొట్టిన టర్ఫ్ మీద బంతి మనవాళ్ళు అనుకున్న దానికంటే ముందే వచ్చేస్తుంది, మొదటి క్వార్టర్‌లోనే రెండు గోల్స్. దీనికి మేం చేసుకున్న ఉపాయం స్కూలు వరండా. గచ్చు మీద బకెట్ నీళ్ళు కొట్టి, నానిన టెన్నిస్ బంతుల్ని స్టిక్‌తో నెట్టడం. బంతి లేవదు, జారుకుంటూ వస్తుంది. బయల్దేరే ముందు వారం రోజులు ఇదే పని. మోకాళ్ళ మీద పడటం ఇక్కడ కూడా నిషేధం, గచ్చు గ్రావెల్ కంటే గట్టిది.

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మన తీరంలో వానలు, వాయుగుండాలు. గ్రౌండు నెల రోజులు చెరువు. అప్పుడు కిట్టుకి జబ్బు చేస్తుంది. తడి ఫోమ్‌ని ఎండలో పెట్టకండి, వంకర్లు పోతుంది. రేకుల షెడ్డులో అస్సలు పెట్టొద్దు. బకిల్స్ అన్నీ విప్పి, ప్యాడ్లు గోడకి నిలువుగా ఆనించి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. గ్లవ్స్‌లో, కిక్కర్లలో పాత న్యూస్ పేపర్లు కుక్కి మర్నాడు తీసెయ్యాలి. మూటగట్టి బీరువాలో పడేస్తే వాసనొకటి, ఎలుకలు పట్టీలు కొరకడం ఒకటి. హెల్మెట్ గ్రిల్ స్క్రూలు తుప్పు పట్టి వదులవుతాయి, స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కొక్కటీ బిగించి చూడాలి.

సంక్రాంతి సెలవులు అయ్యాక గ్రౌండు ఆరుతుంది, పిల్లలు మళ్ళీ వస్తారు. మూడు నెలల్లో అర అంగుళమో అంగుళమో పెరిగి ఉంటారు. ఆ రోజు బంతి సంచి విప్పను. అందరికీ ప్యాడ్లు కట్టించి గొంతుక్కూర్చోబెట్టి, మడత మోకాలి చిప్ప మీద పడుతోందో లేదో చూసి, కిందకి దిగిపోయినవాళ్ళవి చిన్నవాళ్ళకి మార్చేస్తాను.